440 జీబీ ఎటుపోయింది? ఆఫీస్ సర్వర్‌కి డిస్క్ లెక్క వేసిన నా అనుభవం

2024 డిసెంబర్ 10, మంగళవారం, సాయంత్రం ఆరున్నర. మర్నాడు 11వ తేదీ, అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయాల్సిన గడువు. బిల్లింగ్‌లో కూర్చునే తమిళమ్మాయి వచ్చి "సార్, బిల్ సేవ్ ఆగల" అంది. మద్రాసు వచ్చిన కొత్తలో ఈ 'ఆగల' వింటే 'ఆగలేదు, బాగానే నడుస్తోంది' అనుకునేవాణ్ణి. తమిళంలో దానర్థం 'అవ్వలేదు' అని. అలా ఒకట్రెండు సార్లు బోల్తా పడ్డాక ఇప్పుడు ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచిపోతున్నా.

మాది అంబత్తూరు ఎస్టేట్‌లో ఆటో స్పేర్ పార్టుల డిస్ట్రిబ్యూషన్. ఓనర్ కావలి వైపు మనిషి, అందరం పెద్దాయన అంటాం. నాది నాయుడుపేట. సిస్టమ్స్ డిపార్ట్‌మెంట్ అంటే నేనొక్కణ్ణే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నేనే, బిల్లులు, స్టాక్, అకౌంట్స్ అన్నీ నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పడిపోయినా నేనే. ఆ ఈఆర్‌పీ లైనక్స్ మీద నడుస్తుంది, ప్రోగ్రామ్‌ని నడిపేది టామ్‌క్యాట్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. 2022 జూన్‌లో ఈ సర్వర్ కొన్నప్పుడు డేటాబేస్ మొత్తం 38 జీబీ. వెండర్ ఇచ్చిన షీట్‌లో "మినిమమ్ 100 జీబీ" అని ఉంది. నేను మహా తెలివిగా 480 జీబీ ఎస్ఎస్‌డీలు రెండు తీసుకుని రెయిడ్-1 (ఒకదానిలో ఉన్నదే రెండోదానిలోనూ, కాబట్టి జాగా ఒకదానిదే) పెట్టి, ఉన్నదానికి పది రెట్లకు పైగా జాగా ఉంది, ఇక పదేళ్లు చూడక్కర్లేదు అనుకున్నా. డిస్క్‌ని భాగాలు చేయకుండా అంతా ఒకే పార్టిషన్. రెండున్నరేళ్లకే నిండిపోయింది.

లాగ్ తెరిస్తే పోస్ట్‌గ్రెస్ పానిక్ అని పెట్టి ఆగిపోయింది, పక్కనే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్'. డిస్క్‌లో జాగా చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టా. సైజు 440 జీబీ, వాడింది 418, మిగిలింది సున్నా. టెన్షన్‌లో కూడా ఆ తీసివేత కళ్లకు కొట్టింది. 440లోంచి 418 పోతే 22 ఉండాలి కదా, సున్నా ఏంటి? దాని సంగతి తర్వాత చెప్తా.

ముందు కనపడ్డది టామ్‌క్యాట్ లాగ్, ఒక్క ఫైలే 26 జీబీ. తీసి పారేశా. మళ్లీ డీఎఫ్ కొట్టా. 418. ఇంకోసారి కొట్టా. అదే 418. వెనకాల అకౌంట్స్ అక్క నిలబడి "ఏమైంది తమ్ముడూ, అయిపోయిందా?" అని అడుగుతోంది, నేను స్క్రీన్ వైపే చూస్తూ తల ఊపుతున్నా, అవునో కాదో నాకే తెలియదు.

షోలింగనల్లూరులో నా కాలేజీ ఫ్రెండ్ ఉన్నాడు, పెద్ద కంపెనీలో డేటాబేస్ పని. వాడికి ఫోన్ చేసి, "పీజీ వాల్ అని ఒక ఫోల్డర్ 114 జీబీ ఉందిరా, పాత లాగ్‌లే అనుకుంటా, లేపేస్తున్నా" అన్నా. అవతల ఒక్క కేక. "ఒరేయ్, దాన్ని ముట్టుకోకు! అది లాగ్ కాదు, నీ డేటాబేస్ ప్రాణం." పోస్ట్‌గ్రెస్‌లో ఏ మార్పు జరిగినా ముందు అక్కడ రాసుకుంటుంది, ఆ తర్వాతే అసలు టేబుల్ ఫైళ్లలోకి వెళ్తుంది. ఆ ఫోల్డర్‌కి మొదట్లో పీజీ ఎక్స్‌లాగ్ అని పేరుండేది. పేరులో లాగ్ ఉంది కదా అని నాలాంటివాళ్లు చెరిపేసి డేటాబేస్‌లే పోగొట్టుకున్నారు, అందుకే 2017లో వచ్చిన పదో వెర్షన్‌లో పేరు మార్చారు. పేరు మార్చినా నేను చెరపబోయాను చూడండి.

లాగ్ తీసేసినా జాగా రాకపోవడానికి కారణం కూడా వాడే చెప్పాడు. ఒక ప్రోగ్రామ్ ఫైలును తెరిచి పట్టుకుని ఉండగా మనం డిలీట్ చేస్తే పేరు మాత్రమే పోతుంది, అది వదిలేదాకా జాగా తిరిగి రాదు. ఎల్ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో చూస్తే ఆ 26 జీబీని టామ్‌క్యాట్ ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. టామ్‌క్యాట్ ఆపి మళ్లీ లేపగానే జాగా వచ్చింది. పోస్ట్‌గ్రెస్ స్టార్ట్ చేస్తే, కాసేపు తన చిట్టా తాను చదువుకుని, లేచింది. అప్పటికి ఎనిమిది నలభై. అక్క రిటర్న్ పని రాత్రి పదకొండున్నరకి ముగించి, నావైపు ఒక చూపు చూసి, ఇంటికెళ్లింది.

ఆ 114 జీబీ ఎందుకు పేరుకుందో తెలుసుకున్నప్పుడు మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా సెటప్‌లో ఆ వాల్ ఫైళ్లు ఒక్కోటి 16 ఎంబీ. నిండినప్పుడల్లా ఎన్ఏఎస్ పెట్టెలోకి (నెట్‌వర్క్‌లో విడిగా ఉండే స్టోరేజ్) కాపీ అవ్వాలి, కాపీ అయిందని రూఢీ అయితేనే పోస్ట్‌గ్రెస్ తన దగ్గరున్నది వదిలేస్తుంది. సరిగ్గా 19 రోజుల ముందు ఎన్ఏఎస్ పాస్‌వర్డ్ మార్చింది ఎవరు? నేనే. సర్వర్‌లో మార్చడం మర్చిపోయింది? అదీ నేనే. పాపం పోస్ట్‌గ్రెస్ ప్రతి నిమిషం ప్రయత్నించి, కుదరక, అన్నీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడు వేలకు పైగా ఫైళ్లు. పాస్‌వర్డ్ సరిచేశాక అవన్నీ ఎక్కేసరికి అర్ధరాత్రి దాటింది.

అయినా మాలాంటి చిన్న ఆఫీసులో రోజుకి 6 జీబీ మార్పులా అని నాకు నిద్ర పట్టలేదు. కారణం ఇంకా విచిత్రం. ఫైలు నిండినా నిండకపోయినా ఐదు నిమిషాలకోసారి మూసేసి కొత్తది తెరవమని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఏదైనా జరిగితే ఐదు నిమిషాల డేటాకి మించి పోకుండా. నేనే పెట్టా, ఎక్కడో చదివి. మా ఈఆర్‌పీ ప్రతి నిమిషం ఒక షెడ్యూలర్ టేబుల్‌లో ఏదో ఒక గీత గీస్తుంది కాబట్టి ఖాళీ అని వదిలేయదు. గంటకి 12, రోజుకి 288 ఫైళ్లు, ఒక్కోటి 16 ఎంబీ, అంటే ఒక్క బిల్లు కూడా కొట్టని ఆదివారం నాడు నాలుగున్నర జీబీ!

మర్నాడు పొద్దున కొత్త సర్వర్ కావాలని అడిగితే పెద్దాయన పిలిచారు. "ఏంది అబ్బయా, రాత్రి ఆగిపోయిందంట. ఇప్పుడు ఖాళీ అయిందంటన్నారు గదా, ఇంక కొత్తదెందుకు?" అడిగింది న్యాయమే. ఖాళీ అయినమాట నిజమే. కానీ ఎందుకు నిండిందో సగమే తెలుసు, ఎప్పుడు మళ్లీ నిండుతుందో అసలే తెలియదు. పైగా వచ్చే జూన్‌కి సర్వర్ వారంటీ అయిపోతుంది. "ఆరు వారాలు టైమివ్వండి సార్, ఈసారి అంచనా కాదు, కొలిచి చెప్తా" అన్నా.

కొలవడం అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు. రాత్రి 11కి ఒక స్క్రిప్ట్ నడిచి, ఏ ఫోల్డర్ ఎంత ఉంది, డేటాబేస్‌లో ఏ టేబుల్ ఎంత ఉంది అని ఒక ఫైల్లో లైను రాస్తుంది. అంతే. కానీ ఆ లైన్లు పేరుకుంటుంటే ఒక్కొక్కటీ బయటపడింది.

మొదటిది ఫొటోలు. 104 జీబీ! 2024 జనవరి నుంచి మా వ్యాన్ డ్రైవర్లు సరుకు దించాక, షాపువాడు సంతకం పెట్టిన బిల్లు కాపీని ఫోన్లో ఫొటో తీసి ఎక్కిస్తున్నారు. రోజుకి 110 దాకా, ఒక్కోటి మూడున్నర ఎంబీ. ఒకటి తెరిచి చూశా. బిల్లుని నేలమీద పెట్టి తీశాడు మహానుభావుడు. మధ్యలో అరచేతంత కాగితం, దాని మీద ఎవరిదో వంకర సంతకం, చుట్టూ సిమెంటు గచ్చు, కింద అంచున డ్రైవర్ హవాయి చెప్పు, బొటనవేలితో సహా. పెద్దది చేసి చూస్తే గోటి కింద గ్రీజు కూడా కనిపిస్తోంది. నెలకి దాదాపు 10 జీబీ ఖరీదైన ఎస్ఎస్‌డీలో నేను భద్రంగా దాస్తున్నది ఎక్కువగా ఇదన్నమాట. ఎక్కించేటప్పుడే చిన్నది చేసేలా వెండర్ చేత యాప్‌లో మార్పించా, ఇప్పుడు ఒక్కోటి 350 కేబీ, సంతకం శుభ్రంగా కనపడుతుంది. నెలకి 10 జీబీ కాస్తా ఒకటికి దిగింది.

పాతవి తీసేద్దామా అని ఆడిటర్ గారిని అడిగితే ఒప్పుకోలేదు. కంపెనీల చట్టం కింద లెక్కల పుస్తకాలు, వాటికి ఆధారమైన వోచర్లు 8 ఏళ్లు ఉంచాలి. జీఎస్టీకి విడిగా, ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు. చెప్పు ఫొటో అయినా సరే, సంతకం ఉంది కదా. డిస్క్ లెక్కలో ఆడిటర్‌ని ముందే కూర్చోబెట్టాలని నాకు 2022లో తట్టలేదు, ఎన్ని జీబీలు అన్నది ఎన్నేళ్లు అన్న ప్రశ్న తర్వాతే వస్తుంది.

రెండోది కూడా ఆయన బల్ల దగ్గర్నుంచి వచ్చిందే. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీ ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరపడానికి వీల్లేకుండా నమోదు కావాలి, ఆడిట్ ట్రెయిల్. మా ఈఆర్‌పీ ఆ పని ఎలా చేస్తుందంటే, బిల్లులో ఒక్క అంకె మార్చినా మొత్తం వరసని పాతది ఒకటి కొత్తది ఒకటి రాసి పెట్టుకుంటుంది. అంతకుముందు నెలకి 1 జీబీ పెరిగే డేటాబేస్ అప్పట్నుంచి 2.4 పెరుగుతోంది. 38 ఉన్నది 96 అయింది ఇలాగే. వ్యాపారం పెరిగితే డేటా పెరుగుతుందని అందరికీ తెలుసు, గవర్నమెంటు రూలు మారినా పెరుగుతుందని నాకు మాత్రం ఇలాగే తెలిసింది.

మూడోది నేను అసలు ఊహించనిది. డిసెంబర్ 31 రాత్రి డేటాబేస్ ఒక్కసారిగా 6 జీబీ పెరిగింది. స్టాక్ వాల్యుయేషన్ నడిపినప్పుడు ఈఆర్‌పీ ఒక టేబుల్‌కి నకలు తీసి, లెక్క అయ్యాక వరసల్లో చాలావాటిని డిలీట్ చేస్తుంది. డిలీట్ చేసింది సరే, సైజు తగ్గలేదు. పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ అయిన వరసల్ని ఊడ్చే మామూలు వాక్యూమ్ ఆ జాగాని తన తర్వాతి వాడకానికి ఉంచుకుంటుందే తప్ప సాధారణంగా సిస్టమ్‌కి తిరిగి ఇవ్వదు. తిరిగి కావాలంటే వాక్యూమ్ ఫుల్ చేయాలి, దానికి టేబుల్‌లో మిగిలిన వరసలన్నీ పక్కన మళ్లీ రాసుకోవడానికి సరిపడా ఖాళీ ఉండాలి. అంటే జాగా చేసుకోవడానికే జాగా కావాలి. ఇది కాక సంవత్సరం మొత్తం స్టాక్ లెడ్జర్ రిపోర్ట్ లాగితే, సార్ట్ మెమరీలో పట్టక 22 జీబీ టెంపరరీ ఫైళ్లు పడుతున్నాయి. పావుగంటలో మాయమైపోతాయి, పొద్దున చూస్తే ఆనవాలు ఉండదు. నా రాత్రి 11 స్క్రిప్ట్‌కి అది ఎప్పటికీ దొరికేది కాదు, టెంపరరీ ఫైళ్లను లాగ్‌లో రాసే సెట్టింగ్ ఆన్ చేశాకే దొరికింది.

అప్పటికి నాకు విషయం తలకెక్కింది. నేను అన్నాళ్లూ అడిగింది "డేటా ఎంత ఉంది" అని. అడగాల్సింది అత్యంత పాడు రాత్రి ఎంత కావాలి అని.

ఆ 22 జీబీ తీసివేత సంగతి ఇప్పుడు. లైనక్స్‌లో డిస్క్ మీద ఫైళ్లని అమర్చే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ తయారుచేసినప్పుడు డీఫాల్ట్‌గా 5 శాతం రూట్ యూజర్ (సర్వర్ అడ్మిన్) కోసం పక్కన పెట్టేస్తుంది. పోస్ట్‌గ్రెస్ రూట్ కాదు కాబట్టి దానికి ఆ జాగా లేనట్టే. 440లో 5 శాతం సరిగ్గా 22. సిస్టమ్ పార్టిషన్‌కి అది మంచిదే, డేటా మాత్రమే ఉండే పార్టిషన్‌లో 1 శాతానికి దించుకోవచ్చు. ఇంకో తరుగు కొన్నప్పుడే పోతుంది. డిస్క్ కంపెనీ టీబీ అంటే 1000ల లెక్క, లైనక్స్ చూపించేది 1024ల లెక్క. 480 అని కొన్నది 447గా దిగుతుంది, 1.92 టీబీ అన్నది 1788 జీబీ అవుతుంది. బంగారం తరుగులాగా, ముందే తీసేసి లెక్క వేసుకోవాలి.

ఇక కూర్చుని అయిదేళ్లకి రాశా. డేటాబేస్ 96కి అరవై నెలల పెరుగుదల కలిపితే 240. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ పెంచే రోజున పాతది చెరపకుండా పక్కన పూర్తి కాపీ ఉండాలి, ఇంకో 240. టెంపరరీ ఫైళ్లకి 30. 510 వచ్చింది, 600 అని రాశా. ఫొటోలు, ఈ-ఇన్వాయిస్ పీడీఎఫ్‌లు, డిజిటల్ సంతకంతో వచ్చే వాటి జేసన్ (డేటా) ఫైళ్లు అన్నీ కలిపి 300. లాగ్‌ల దగ్గర కాస్త ఆగాల్సి వచ్చింది. ఆ 26 జీబీ ఫైలు ఎందుకయిందంటే, ఎప్పుడో ఏదో సమస్య చూడ్డానికి వెండర్ కుర్రాడు ప్రతి చిన్నదీ లాగ్‌లో రాసే డీబగ్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేయకుండా వెళ్లాడు. అది ఆపితే రోజుకి 150 ఎంబీనే, కంప్రెస్ చేస్తే అందులో పదో వంతు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దాచినా 3 జీబీ దాటదు. అయినా 40 ఇచ్చా, ఎందుకంటే జావా మెమరీ అయిపోయి చచ్చినప్పుడు హీప్ డంప్ (ఆ మెమరీ మొత్తం ఒక ఫైలుగా) పడేస్తుంది, మాకు ఆ మెమరీ, అంటే హీప్, 12 జీబీ, రెండుసార్లు చస్తే 24. సిస్టమ్‌కి 60, ఎన్ఏఎస్‌కి వెళ్లేముందు బ్యాకప్ దిగడానికి 60. ఇదివరకు ఏడు రోజుల బ్యాకప్‌లు అదే డిస్క్ మీద ఉండేవి, 63 జీబీ. ఆ డిస్క్ పోతే అవీ దానితోనే పోయేవి, ఆ ఘనకార్యం గురించి ఇంతకంటే మాట్లాడను.

వాల్‌కి ఎంత అన్నదే అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించా. దానికి పెరుగుదల లెక్క పనికిరాదు, ఎందుకంటే అన్నీ బాగున్నప్పుడు అది ఒకట్రెండు జీబీలే. పాడైనప్పుడు ఎవరూ చూడకుండా ఎన్ని రోజులు గడుస్తాయి అన్నదే లెక్క. నేను సంక్రాంతికి ఊరెళ్తే వారం. జ్వరం వస్తే ఇంకో మూడు. పది రోజులు, రోజుకి 7, మొత్తం 70. విడిగా 100 జీబీ వాల్యూమ్ (డిస్క్‌లో విడి భాగం) ఇచ్చా, నిండితే పోస్ట్‌గ్రెస్ ఎలాగూ ఆగిపోతుంది, కానీ ఫొటోలో లాగ్‌లో వచ్చి దాని జాగా తినేయవు. ఐదు నిమిషాల సెట్టింగ్‌ని పదిహేనుకి మార్చా, ఆదివారం నాలుగున్నర జీబీ ఒకటిన్నరకి దిగింది. దానివల్ల సర్వర్ మొత్తం కాలిపోతే పావుగంట బిల్లులు పోవచ్చని పెద్దాయనకి చెప్పి ఒప్పించాకే మార్చా, అది నా ఒక్కడి నిర్ణయం కాదు కదా.

మొత్తం 1160. 960 జీబీ డిస్కులు చాలవు, 1.92 టీబీవి రెండు, రెయిడ్-1. పెద్దాయన కాగితం చూసి, "96 ఉండేదానికి ఇంతెందుకు అబ్బయా?" అన్నారు. ఆ రెండో కాపీ సంగతి, రాత్రి రిపోర్ట్‌ల సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి, "ఆగాగు. గోడౌన్‌లో గోడ నించి గోడకి సరుకు పేరిస్తే ట్రాలీ తిరగదు, అదే గదా నువ్వు చెప్పేది?" అన్నారు. నేను రెండు రోజులు తయారుచేసుకున్న స్లైడ్లు అలాగే ఉండిపోయాయి. సంతకం పెట్టేశారు.

కొత్త సర్వర్‌లో ఇంకో జాగ్రత్త తీసుకున్నా. డిస్క్‌ని కావాల్సినట్టు వాల్యూములుగా పంచుకోనిచ్చే ఎల్‌వీఎం పెట్టి, లెక్క 600 వచ్చినా డేటాబేస్‌కి ముందు 350 మాత్రమే ఇచ్చా, మిగతాది ఎవరికీ పంచకుండా ఉంచా. నడుస్తున్న సర్వర్‌లో వాల్యూమ్ పెంచడం ఒక్క కమాండ్, నిమిషం పని. తగ్గించాలంటే ఈఎక్స్‌టీ4ని ఆపి చేయాలి, ఎక్స్ఎఫ్ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ అయితే మర్చిపోవడమే. అయిదేళ్ల అంచనాలో ఏది తప్పుతుందో నాకు తెలియదు కాబట్టి పంచని జాగా ఎటు కావాలంటే అటు వెళ్తుంది.

అలర్ట్‌ల దగ్గర కూడా మొదట అందరిలాగే 80 శాతం అని పెట్టబోయా. ఫొటోల వాల్యూమ్‌లో 80 శాతం నిండితే ఇంకా 60 జీబీ, రెండేళ్లకి పైగా సరిపోతుంది. వాల్‌లో 80 శాతం నిండితే రోజుకి 7 లెక్కన మూడు రోజులు కూడా రాదు. రెండిటికీ ఒకే మెసేజ్ వస్తే ఏం లాభం? అందుకే గత వారం పెరిగిన వేగంతో భాగించి 'ఇంకా ఎన్ని రోజులు' అని పంపేలా రాశా. ఎన్ఏఎస్‌కి కాపీ గంటపాటు ఆగినా విడిగా మెసేజ్ వస్తుంది, ఆ 19 రోజుల అనుభవం పుణ్యమా అని.

2025 మార్చి 23 ఆదివారం పాత సర్వర్ నుంచి మార్చేశాం, సాయంత్రం నాలుగుకల్లా అయిపోయింది, చెప్పుకోదగ్గ గొడవేమీ జరగలేదు.

సరిగ్గా వారానికి, 30న, ఉగాది. నాయుడుపేటలో పచ్చడి తిని భోజనానికి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఎన్ఏఎస్ అందడం లేదు, కాపీ ఆగింది. మళ్లీనా అని గుండె జారింది. రెండో లైను చదివా. వాల్ వాల్యూమ్, ఇంకా 24 రోజులు. ఫోన్ బోర్లించి పెట్టి బొబ్బట్టు ఇంకోటి వేయమన్నా. సోమవారం ఆఫీసుకెళ్లి సర్వర్ గది తలుపు తీస్తే సంగతి అర్థమైంది. పండక్కి ఆఫీసు గుమ్మానికి మామిడి తోరణంతో పాటు సీరియల్ లైట్లు కూడా కట్టారు, కరెంటు పోయినా లైట్లు ఆరకూడదని యూపీఎస్ సాకెట్ కావాలనుకున్నారు, ఎన్ఏఎస్ ప్లగ్ పీకి అక్కడ పెట్టారు. లైట్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి. తీసి ఎన్ఏఎస్ పెట్టా, టీ తాగి వచ్చేసరికి ఆగిన ఫైళ్లన్నీ ఎక్కేశాయి.